నేల చెప్పినంతవరకు

చేతులు కడుక్కోవద్దన్నారు, మొహం తుడుచుకోవద్దన్నారు, అందుకని పై అంతస్తుకు వెళ్లే మెట్ల మీద కూర్చుని రెండు అరచేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నాను. చేతి గీతల్లో పొద్దున పిసికిన పిండి ఉంది, పిండి మీద వదిన నెత్తురుంది, ఎండి పొలుసుల్లా లేస్తోంది. నా బూట్లు విప్పించి కాగితం సంచిలో పెట్టి, మూతి మడిచి అంటించి, అంటించిన చోట ఇద్దరు సంతకాలు పెట్టారు; మడమ దగ్గర అరిగిన పాత బూట్లు, వాటికి ఇంత మర్యాద ఏనాడూ జరగలేదు. పక్కన కానిస్టేబులమ్మ కూర్చుంది, నాకు తోడో కాపలాయో తనకే తేలనట్టు కాస్త ఎడంగా, కాస్త దగ్గరగా. ఎదురుగా మా ఇంటి తలుపు సగం తెరిచి ఉంది, గుమ్మానికి అడ్డంగా పసుప్పచ్చ పట్టీ. ఇక్కణ్నుంచి హాలు సగం, వంటింటి గుమ్మం, గుమ్మంలోంచి వంటింటి నేల ఒక ముక్క కనిపిస్తున్నాయి. తలుపు పక్క గోడ కనిపించదు, ఆ గోడకి వీపు ఆనించి కూర్చున్న వదిన కనిపించదు, చాపిన పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి, ఒకటి నిటారుగా, ఒకటి పక్కకి వాలి. వదిన ఎప్పుడూ కాళ్లు చాపుకుని కూర్చోదు, ఎవరైనా చూస్తే బాగుండదంటుంది, ఇప్పుడు ఇంతమంది చూస్తున్నారు, ఎవరైనా కాస్త మడవకూడదా అనుకున్నాను, మడిచినా ఆవిడకి తెలియదు కదా, ఆ తెలియకపోవడం అన్నది ఇంకా నా బుర్రకి ఎక్కలేదు.

వదిన అంటే మా ఆయన అక్క. ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఆయన దూరప్రాంతాలకి బస్సు నడుపుతాడు, వారంలో సగం రోడ్డు మీదే, అంటే నాకు దక్కింది సగం మొగుడు, ఆ సగానికి ఈ సగం కలిస్తే ఒక నిండు మొగుడు, అని పెళ్లైన కొత్తలో నోరుజారి అనేశాను. కోపం వస్తుందని భయపడ్డాను. వదినే ముందు నవ్వింది. నవ్వి, 'మొగుణ్ణంటున్నావుగా, అయితే నా మాట విను, తడికాళ్లతో వంటింట్లోకి రాకు' అంది. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసి రిటైరైంది, ట్రంకు కాల్సు కలిపిన గొంతు, ఉప్పు డబ్బా అందుకోమన్నా పక్క ఊరికి వినిపించాలన్నట్టే అడుగుతుంది. ఇంట్లో ఒంటరిగా ఉంటే లోపల గడియ పెట్టుకోకుండా ఉండదు. రోజూ మధ్యాహ్నం బేకరీలో నా పని అయ్యాక వచ్చి బెల్లు కొడతాను. 'ఎవరూ?' అంటుంది, నేనేనని తెలిసే. 'నేనే.' 'నేనే అంటే ఎవరు? ఊళ్లో అందరూ నేనే!' 'నీ అర్ధపెళ్లాన్ని.' అప్పుడు గడియ చప్పుడు. ఇవాళ బెల్లు కొట్టాను, 'ఎవరూ?' అని వినపడలేదు. మళ్లీ కొట్టాను. తలుపు మీద చెయ్యి వేస్తే లోపలికి వెళ్లింది, అంతే, గడియ లేదు, కొంచెం తెరుచుకుని దేనికో తగిలి ఆగింది. సందులోంచి దూరాను. వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, తలుపు తగిలింది ఆవిడ మోకాలికి, తల ఒక పక్కకి వాలి ఉంది, జుట్టు ఒకవైపు నల్లగా అట్టకట్టి మెడ మీదుగా జాకెట్టులోకి కారింది, కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఆ తల రెండు చేతులతో పట్టుకుని 'వదినా, వదినా' అన్నాను, ఇంకేమన్నానో తెలియదు, ఎదురింటావిడ వచ్చేదాకా అంటూనే ఉన్నానట.

ఎదురింటావిడ మంచిదే, కానీ పోలీసులకి ఆవిడ చెప్పింది విని నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఇద్దరికీ పడేది కాదండీ. రోజూ గొడవే. పాపం ఆ పెద్దావిడ బాల్కనీలోకి వచ్చి 'ఈ పిల్ల నన్ను చంపేస్తోందర్రోయ్' అని అరిచేది. నిన్న కూడా అరిచింది." ఒక్క ముక్క అబద్ధం లేదు. నిన్న కూడా అరిచింది, నేను కూరలో నూనె తగ్గించినందుకు, డాక్టరు తగ్గించమన్నాడని. మొన్న అరిచింది, టీవీ కట్టేసి పడుకోమన్నందుకు. నవ్వించి చంపుతున్నావంటుంది, అడిగి అడిగి చంపుతున్నావంటుంది, చలికాలం స్నానానికి నీళ్లు కాచి పెడితే వేడితో చంపుతున్నావంటుంది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు నన్ను హంతకురాల్ని చేసిందో, నేనూ వంటింట్లోంచి 'ఇంకా చావలేదేం మరి!' అని అరిచేదాన్ని, ఆ మాట కూడా ఎదురింటికి వినిపించే ఉంటుంది. ఇన్‌స్పెక్టరు అదంతా రాసుకున్నాడు. రాసుకుంటే ఆ మాటలు ఎంత వేరుగా కనిపిస్తాయో అతని పెన్ను ఆగడం చూసి నాకు తెలిసింది.

"తలుపు ఎవరు తీశారమ్మా? గడియ విరగలేదు. లోపలినుంచి తీసిందే."

"నేనొచ్చేసరికే తీసి ఉందండీ."

"వంటింట్లో నేల తుడిచింది ఎవరు?"

"తుడవడమేంటి? నేను వంటింట్లోకే వెళ్లలేదు."

"నెత్తురు తుడిచారు. శుభ్రంగా. గుడ్డ పిండి కుళాయి మీద ఆరేశారు కూడా," అని నా మొహంలోకి చూశాడు. "మీకు తెలియదు?"

"తెలియదండీ."

"మీ ఇద్దరికీ పడదటగా?"

అవునన్నాను. ఇంకేమనాలి, పడుతుందంటే అబద్ధం, పడదంటే అంతకన్నా పెద్ద అబద్ధం. మా ఆయనకి ఫోన్ చేశారా అనడిగితే, ఎదురింటావిడ అప్పుడే చేసేసిందన్నారు. ఏమని చేసి ఉంటుంది? దారిలో ఆయన ఆ మాటల్ని నములుతూ వస్తుంటాడు. తమ్ముడూ తమ్ముడూ అని, నలభై దాటిన మనిషికి ఇప్పటికీ బస్సెక్కే ముందు మంచినీళ్ల సీసా మూత బిగించి ఇచ్చే అక్క. ఆ అక్కని నేను ఏమో చేశానని ఒక్క క్షణం, ఒక్క క్షణమైనా, ఏదో మలుపు దగ్గర, అనుకోకుండా ఉంటాడా?

అప్పుడు వచ్చారు ఫోరెన్సిక్ వాళ్లు, ముగ్గురు. వాళ్లలో అందరూ మేడమ్ అంటున్న ఒకావిడ, యాభై దాటి ఉంటుంది, పొట్టి మనిషి, మోకాళ్లకి మందపాటి తొడుగులు కట్టుకుంది, నేలకి రాళ్లు పరిచేవాళ్లు కట్టుకుంటారే, అలాంటివి. వస్తూనే పరిగెత్తి లోపలికి వెళ్తుందనుకున్నాను. గుమ్మం బయటే నిలబడిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే చూస్తోంది. ఇన్‌స్పెక్టరు ఏదో చెప్పబోతే, "ఒక్క నిమిషమండీ, ముందు నన్ను చూడనివ్వండి, తర్వాత వింటాను," అంది. ఎంతసేపు చూసిందో. మా హాలులో ఏముంది చూడ్డానికి, ఒక సోఫా, దాని మీద వదిన అల్లిన గుడ్డ, ఫోను బల్ల, గోడ గడియారం. నేను రోజూ చూస్తూ ఎన్నడూ చూడని ఆ గదిని ఆవిడ మొదటిసారి ఎవరింటికో పెద్ద పండక్కి వచ్చినంత వినయంగా చూసింది. చూశాక వెనక్కి తిరిగి, "లోపలికి ఎవరెవరు వెళ్లారు, ఎక్కడెక్కడ తొక్కారు?" అనడిగింది. ఆంబులెన్సు అతను, ఇన్‌స్పెక్టరు, ఒక కానిస్టేబులు, ముగ్గురూ బడిలో బల్ల విరగ్గొట్టిన పిల్లల్లా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఇక్కడండీ, ఇక్కడిదాకానండీ అని వేలు పెట్టి చూపించారు. ముగ్గురి బూట్ల అడుగులూ ఫొటో తీయించింది. ఇన్‌స్పెక్టరు గోడ పట్టుకుని కాలెత్తి నిలబడితే, అంతటి దిగుల్లోనూ వదిన ఉంటే ఎంత నవ్వేదో అనిపించింది.

తర్వాత నేల మీద చిన్న చిన్న పీటల్లాంటివి ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, వాటి మీదే అడుగులు వేస్తూ, వాగులో రాళ్ల మీద దాటినట్టు లోపలికి వెళ్లారు. మా హాలు దాటడానికి అంత జాగ్రత్త! ఫొటోలాయన ఒక చిన్న స్కేలు పక్కన పెట్టి, తీసిందే తీస్తున్నాడు, దూరంనుంచి, దగ్గరనుంచి, నిలువునా. బాల్కనీ వైపు తెర లాగేశారు, హాలు మసకబారింది. మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకి తగిలేంతగా వంగి, చేతిలో టార్చి నేల మీదే పడుకోబెట్టి వెలిగించింది.

అప్పుడు మా నేల లేచి నిలబడింది. అలాగే అనిపించింది నాకు. ఉత్త నున్నటి నేల, పొద్దున వదిన తుడిచిన నేల, దాని మీద ఆ ఏటవాలు వెలుతురు పరుచుకోగానే అడుగులు బయటికొచ్చాయి, తెల్లగా, పొగతో గీసినట్టు. గుమ్మంలో ఒకటి, పక్కన ఇంకొకటి, తర్వాత రెండు గుండ్రటి మచ్చలు, మోకాళ్లవి. నావి. నా బూట్లకింది పిండి. కానిస్టేబులమ్మ కూడా మెడ చాచింది, "అబ్బ, పువ్వుల్లా ఉన్నాయే," అంది. రోజూ ఆ పిండి మీదే మా యుద్ధం. బూట్లు బయటే విప్పి వస్తాను, అయినా మేజోళ్లకి, బట్టల అంచులకి పిండి ఉంటుంది, వదిన పొద్దుగూకే వేళ ఎండ ఏటవాలుగా పడగానే సోఫాలోంచి తల వంచి చూసి, 'అదిగో, దొరసానిగారు హాల్లో ఊరేగారు, బెడ్రూంలోకి వేంచేశారు, ఫ్రిజ్ దగ్గర ఆగి ఏదో మింగారు' అని నా మధ్యాహ్నమంతా చదివేసేది. తుడుచుకుంటూ తిట్టేది, తిట్టుకుంటూ తుడిచేది. బూట్లతో లోపలికి అడుగు పెట్టడం ఇవాళే మొదలు. మేడమ్ ఒక నల్లటి జిగురు షీటు పై పొర ఒలిచి, నా అడుగు మీద పరిచి, పసిపిల్లకి దుప్పటి కప్పినంత మెల్లగా అరచేత్తో ఒత్తి, ఒక మూలనుంచి ఎత్తింది. నల్లటి దాని మీద నా బూటు, అరిగిన మడమతో సహా, అచ్చంగా. నేను ఆ గుమ్మంలో నిలబడ్డ క్షణం, నాకే సరిగ్గా గుర్తులేని క్షణం, ఒక ఆవిడ చేతుల్లో రెపరెపలాడుతోంది. దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసి, నంబరు రాసి, టైము రాసి, సంతకం పెట్టింది. మళ్లీ రెండోది. భయం ఉంది, కానీ దాని పైన ఇంకేదో. మనం పోయిన చోటల్లా ఇంత రాసి పోతున్నామా అని. గాలి కూడా పట్టించుకోని ఆ పిండి రేణువుల్ని మోకాళ్ల మీద కూర్చుని ఒకరు పట్టించుకుంటారా అని.

తర్వాత ఆవిడ వదిన దగ్గరికి వెళ్లింది. నాకు పాదాలు, ఆ పాదాల పక్కన వంగిన మేడమ్ వీపు కనిపిస్తున్నాయి. ఏం చేస్తోందో కానిస్టేబులమ్మని అడిగాను. ఆవిడ లేచి చూసొచ్చి, "చేతులకి కాగితం సంచులు తొడుగుతున్నారు, గోళ్లల్లో ఏమన్నా ఉంటే పోకుండా," అంది. ప్లాస్టిక్ అయితే చెమ్మకి పాడవుతుందట, కాగితమే వాడతారట. ఆ పాదం పక్కకి వాలింది చూశారా, దాన్ని ఏమీ చెయ్యలేదు, ఎలా ఉన్నది అలాగే ఉండనిచ్చారు, మడవాలని నేననుకున్నానే, అది తప్పని నాకప్పుడు తెలిసింది, ఆ వాలడం కూడా వదిన చెప్పే మాటేనేమో, మధ్యలో అడ్డుపడకూడదు. బేకరీలో చేరిన కొత్తలో పొయ్యి తలుపు తగిలి నా మోచెయ్యి కాలింది. వదిన ఆ చేతికి తడిగుడ్డ చుట్టి, రాత్రి నేను నిద్రలో దాని మీదకి దొర్లకుండా మధ్యలో దిండు పెట్టి, తనూ ఆ పక్కనే పడుకుని, 'ముక్కలు ముక్కలుగా చంపుతున్నావే నన్ను' అంది. కాలింది నాకు, చచ్చేది ఆవిడ! ఇప్పుడు ఆ చేతులకి సంచులు కడుతున్నది పరాయి మనిషి, అయినా ఆవిడ వీపు వంగిన తీరు చూస్తే మేలుకుంటుందేమో నెమ్మదిగా కానీ అని జాగ్రత్త పడుతున్నట్టే ఉంది.

మేడమ్ బయటికొచ్చి నా ముందు మెట్టు మీద కూర్చుంది. మొహంలో మొహం పెట్టి చూడలేదు, నా చేతులే చూసింది. తడిపిన దూదిపుల్లతో అరచేతులు అద్ది, గోళ్ల సందుల్లో గీకి, ఒక్కొక్కటీ వేరే గొట్టంలో వేసింది. అలా చేస్తూ చేస్తూ మాటవరసకి అడిగినట్టు, "మీ వదినగారిది ఏ చేతివాటమమ్మా?" అంది.

నేను తడబడ్డాను. ఏదంటే మునుగుతాను, ఏదంటే తేలుతాను? ఇన్‌స్పెక్టరు వెనకనే ఉన్నాడు. ఇదేమన్నా ఉచ్చా? ఆలోచించడానికి ఏమీ లేదు, ఉన్నది ఒక్కటే జవాబు, అయినా దాన్ని వెతుక్కున్నట్టు ఎంతసేపో అనిపించింది. "ఎడమ," అన్నాను. "అన్నం మాత్రం కుడిచేత్తో తింటుంది. కత్తి, కలం, చీపురు అన్నీ ఎడమచేత్తోనే."

"మీది?"

"కుడి."

"సరే," అని లేచి, మళ్లీ పీటల మీద నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ సరేని పట్టుకుని నేను వేలాడాను. సరే అంటే ఏమిటి? మంచికా చెడుకా? కానిస్టేబులమ్మని చూస్తే ఆవిడ గోడ చూస్తోంది. వంటింటి దీపం వెలుగుతోంది, పట్టపగలు, ఇప్పుడు గమనించాను. ఆ బల్బు పోయి కొన్నాళ్లైంది. ఆదివారం మార్చేస్తానని ఆయన వెళ్తూ వెళ్తూ చెప్పాడు, నువ్వు స్టూలెక్కకు అక్కా అని కూడా చెప్పాడు, వదిన అలాగేలేరా అంది. ఆవిడ అలాగే అంటే వినలేదని అర్థం. స్టూలు పక్కకి పడి ఉంది, దాని ఒక కాలు నాకు కనిపిస్తోంది, కాలి పక్కన వాళ్లు పెట్టిన ఆరో నంబరు చీటీ. మేడమ్ వంటగట్టు అంచు దగ్గర నుంచి ఏదో పటకారుతో తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. వెంట్రుక అయి ఉంటుంది. ఆ వెంట్రుకలు నేను దువ్వాను, మొన్న ఆదివారం, భుజం నొప్పిగా ఉందే అంటే. తర్వాత ఆవిడ చాలాసేపు నేల మీదే ఉండిపోయింది. నాకు ఆవిడ మడమలే కనిపిస్తున్నాయి. మనిషి అంతసేపు నేలని చూస్తే నేల మాట్లాడక ఏం చేస్తుంది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఇలా వచ్చి కూర్చోండి. నిలబడితే కనపడదు, కూర్చోవాలి."

ఆయన కూర్చుంటే మోకాలు టకామంది. ఆ తర్వాత వాళ్ల మాటలు మెట్ల దాకా వినిపించాయి. వాళ్లు మెల్లగానే మాట్లాడుకున్నారు, నేనే ఒళ్లంతా చెవులైపోయాను.

"ఇది తుడిచిన చార, చూశారా, విసనకర్రలా తిరిగింది. తుడిచిన మనిషి ఇక్కడ కుడి అరచెయ్యి ఆనించుకుని ఎడమ చేత్తో తుడిచింది. ఇప్పుడు చార మీద ఈ చుక్క చూడండి. గుండ్రంగా, అంచు చెదరకుండా ఉంది."

"చెదరకుండా ఉంటే?"

"తుడిచాక పడింది. ఇదిగో దీన్ని మళ్లీ తుడిచారు, దాని మీద మళ్లీ పడింది. తుడవడం, పడటం, తుడవడం, పడటం."

"పక్కన పెద్దావిడ పడి ఉంటే, ఎవరో..."

"పడి ఉన్న మనిషి నెత్తురు నేల మీద పారుతుంది కానీ పైనుంచి చుక్కలుగా రాలదు కదండీ. ఇది వంగి తుడుస్తున్న తలలోంచి రాలింది. నెత్తురు కారుతున్నదీ, తుడుస్తున్నదీ ఒకే మనిషి. ఆవిడ తన నెత్తురు తనే తుడుచుకుంది. ల్యాబ్ వాళ్లు ఆ నెత్తురు ఎవరిదో తేల్చాలి, అప్పటిదాకా ఇది నా చూపు మాత్రమే. కానీ గుడ్డ పిండి ఆరేసిన కుళాయి కింద కూడా ఇలాంటి చుక్కలే ఉన్నాయి."

నేను నవ్వాను. నవ్వో ఏడుపో, ఒక చప్పుడు వచ్చింది, కానిస్టేబులమ్మ గబుక్కున నా భుజం పట్టుకుంది. తుడిచిందా! తల పగిలి, నెత్తురు కారుతుంటే, అయ్యో నేల పాడైందని తుడిచిందా! చార మీద చుక్క పడితే, ఛీ మళ్లీనా అని విసుక్కుని ఉంటుంది, ఆ విసుగు నాకు వినిపించింది, గుడ్డని రెండు చేతులా మెలిపెట్టి పిండి, దులిపి, మడత లేకుండా ఆరేయడం కనిపించింది. ఎవరో కిరాతకుడు తీరిగ్గా చేసిన పని అని అందరూ వణికిన పని, మా వదిన రోజూ చేసే పని. దాన్ని ఒక పరాయి మనిషి, వదినని ఒక్కసారైనా మాట్లాడగా వినని మనిషి, నేల చూసి చెప్పింది. ఈ ఇంట్లో ఇన్నేళ్లు ఉండి నేను చెప్పలేకపోయాను. తుడిచింది వదినేనని నాకు తట్టనైనా లేదు.

మేడమ్ వంటింట్లోంచి హాల్లోకి వస్తూ ఒక్కొక్క చుక్క దగ్గరా ఆగుతోంది. నడిచేటప్పుడు పడ్డ చుక్కకి తోక ఉంటుందట, ఎటు వెళ్తుంటే తోక అటు తిరుగుతుందట. నిలబడితే తోక ఉండదట. వంటింటి గుమ్మందాకా తోకలున్నాయి, అన్నీ హాలు వైపే. గుమ్మం పక్క గోడ మీద చెయ్యి ఆనించిన గుర్తుందట, గోడ పట్టుకుని నడిచిందట. ఫోను బల్ల దగ్గరికొచ్చేసరికి గుండ్రటి చుక్కలు, ఒకదాని మీద ఒకటి, చాలా.

"ఇక్కడ ఆగింది. కాస్త ఎక్కువసేపే."

"ఫోన్ చేసిందా?" ఇన్‌స్పెక్టరు.

"రిసీవర్ మీద ఏమీ లేదు. తన చేతులకి నెత్తురుంది, ముట్టుకుంటే అంటేది. ముట్టుకోలేదు."

"మరెందుకు ఆగినట్టు?"

"అది నేల చెప్పదండీ," అంది మేడమ్.

ఆ మాటతో నాలో ఏదో నిలబడిపోయింది. అంత తెలిసిన మనిషి అక్కడ ఆగింది, అంగుళం ముందుకు వెయ్యలేదు. బల్బు గురించి కూడా అంతే అంది. స్విచ్చి వేసి ఉంచే బిగించినట్టుందని, బల్బు మొహం మీదే వెలిగి ఉలిక్కిపడిందేమోనని, 'కానీ అది నా ఊహ, రిపోర్టులో రాయను' అని. నేనైతే రాసేదాన్ని. నేను ఇప్పటికే రాసుకుంటున్నాను. జీవితమంతా ఎవరెవరి ఆపదల్నో ఎవరెవరి చెవులకో కలిపిన మనిషి ఆ ఫోను ముందు నిలబడి ఏమనుకుంది? బేకరీకి చేస్తే పొయ్యిల రొదలో నాకు వినపడదనా? తమ్ముడు స్టీరింగు మీద ఉంటాడనా? ఇంత చిన్న దెబ్బకి ఎవర్ని కంగారు పెట్టడమనా? తల లోపల నెత్తురు మెల్లగా పేరుకునేటప్పుడు మనిషి కొంతసేపు మామూలుగానే తిరుగుతుందట, తనకేం కాలేదనే అనుకుంటుందట, పెద్ద డాక్టరు కోసి చూసి తేల్చాలి కానీ అలాగే ఉందట. లేకపోతే నంబరే గుర్తు రాలేదా, ఊరందరి నంబర్లు నోటికొచ్చిన ఆవిడకి? అది తలుచుకోలేను. మేడమ్ ఆగినచోటే నేనూ ఆగాలి. ఆగడం ఎంత కష్టమో.

ఫోను దగ్గరనుంచి మళ్లీ తోకలు, ఈసారి తలుపు వైపు, దగ్గర దగ్గరగా, చిన్న చిన్న అడుగులు. మేడమ్ తలుపు వెనక్కి వెళ్లింది, నాకు కనిపించలేదు, గొంతు మాత్రం వినిపించింది. గడియ మీద ఎడమ బొటనవేలు ముద్ర ఉందట, నెత్తురులో, గడియ తీసే వైపుకి జరిగినట్టు. తీసింది ఆవిడే. తీసి, ఆ పక్కనే గోడకి జారి కూర్చుంది. ఆవిడ కూర్చున్న చోట, ఆరిపోయిన చుక్క మీదుగా, పిండి బూటు ఒకటి. బూటు పడేసరికే నెత్తురు ఆరి ఉంది, చుక్క చెదరలేదు. బూట్లు గుమ్మంలోంచి అక్కడిదాకా వచ్చాయి, అక్కడే మోకాళ్లు ఆనాయి, అంతకుమించి హాల్లో ఎక్కడా లేవు, వంటింట్లో అసలే లేవు. "ఈ అమ్మాయి వచ్చింది, చూసింది, కూలబడింది. అంతే ఉంది ఇక్కడ," అంది మేడమ్.

నేను నాలుగుసార్లు చెప్పిన మాటే అది. నేను చెబితే రాసుకున్నారు, ఆవిడ చెబితే విన్నారు. ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి నా ముందు నిలబడి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "కాగితాలు ఇంకా చాలా ఉంటాయమ్మా, పోస్టుమార్టం కావాలి, ల్యాబ్ కావాలి. మీరు చేతులు కడుక్కోండి," అన్నాడు. కానిస్టేబులమ్మ ఎదురింట్లోంచి చెంబుతో నీళ్లు తెచ్చి మెట్ల మూల పోసింది. పిండి ముందు పోయింది. నెత్తురు గీతల్లో పట్టుకుని తొందరగా వదల్లేదు, ఒకచోట నేనే ఇక రుద్దలేదు. ఎదురింటావిడ తలుపు సందులోంచి చూస్తోంది, నేను చూడగానే ఏడ్చేసింది, "నాకేం తెలుసే, అరిచేది కదే, రోజూ అరిచేది కదే," అంది. అవును పిన్నీ, అరిచేది, అన్నాను. ఈలోగా స్ట్రెచరు వచ్చింది. వదినని ఎత్తేటప్పుడు మేడమ్ తనే తల దగ్గర చేరి, చేతులకున్న సంచులు దేనికీ రాసుకోకుండా పట్టుకుంది. మెట్లు దిగిపోతుంటే లేచి నిలబడ్డాను. వెంట వెళ్దామని రెండు మెట్లు దిగాను, ఆయన వచ్చేదాకా ఇక్కడే ఉండమన్నారు, ఆగిపోయాను.

మా ఆయన కింద ఆంబులెన్సుని చూసే పైకొచ్చాడు. బస్సు యూనిఫారంలోనే, జేబులోంచి విజిలు వేలాడుతూ, ఆ బస్సుకి కండక్టరూ ఆయనే. మలుపు దగ్గర ఆగి నన్ను చూశాడు, నా ఉత్త కాళ్లు చూశాడు. ఇన్‌స్పెక్టరు ముందుకెళ్లబోతే, "నేను చెప్తానండీ," అన్నాను. గోరంతదానికి ఉప్పూ కారం జల్లి కొండంత చేసి చెబుతానని అక్కాతమ్ముళ్లిద్దరూ నన్ను ఏడిపించేవాళ్లు. నేను ఏదీ జల్లలేదు. స్టూలెక్కింది, బల్బు మార్చింది, పడింది, గట్టు తగిలింది. లేచింది. నేల తుడిచింది, గుడ్డ ఆరేసింది. ఫోను దగ్గర నిలబడింది, ఎందుకో తెలియదు. వచ్చి గడియ తీసింది. కూర్చుంది. చెబుతున్నంతసేపూ ఆయన నా నోటినే చూస్తున్నాడు, చెవిటివాళ్లు చూసినట్టు. గుడ్డ ఆరేసిందన్న దగ్గరనుంచి, ఎదురింటావిడ ఫోన్‌లో చెప్పిన మాటలు ఆయన మొహంలోంచి ఒక్కొక్కటే దిగిపోవడం కనిపించింది. లేక నేనే అలా అనుకున్నానేమో.

"నొప్పి తెలిసి ఉండదు కదా?" అన్నాడు.

అవునను అని అడుగుతున్నాడు. ఒక్క మాట. ఎంత సులువు. లోపల మేడమ్ సోఫా పక్కన కూర్చుని పెట్టెల మీద సంతకాలు పెడుతోంది, తల ఎత్తలేదు.

"తెలిసే ఉంటుంది," అన్నాను. "గోడ పట్టుకుని నడిచింది. వంటింటి గుమ్మం పక్కన చెయ్యి ఆనించిన గుర్తుంది."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు విజిలు పట్టుకుని తిప్పాడు. తర్వాత లేచి గుమ్మం దాకా వెళ్లి, పట్టీ ముందు ఆగి, "అది చూడొచ్చాండీ?" అని లోపలికి అడిగాడు, బస్సులో కూడా ఎవర్నీ అలా అడగడు. మేడమ్ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఫొటోలాయన్ని, గోడది పూర్తయిందా అని అడిగి, రెండు జతల తొడుగులు తెచ్చి, మా కాళ్లకి వేసుకోమంది, పట్టీ ఎత్తి పట్టుకుంది. ఆవిడ ముందు, వెనక ఆయన, ఆయన వెనక నేను, ఆ పీటల మీద అడుగులో అడుగు వేసుకుంటూ, మా హాలు దాటాం. "ఇదిగో," అందావిడ. గోడ మీద, నా భుజమంత ఎత్తులో, నాలుగు వేళ్లు, అరచేతి మడమ, బొటనవేలు కిందికి జారిన గీత. ఆయన చెయ్యి ఎత్తాడు. ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు. గోడకి ఆనకుండా, ఆ వేళ్ల ఎదురుగా తన వేళ్లు సరిచేసుకుని, అలాగే గాలిలో ఆపి ఉంచాడు.